ఈగ వాలిన చాకు

వానాకాలం మొదలైతే మా ఇంట్లో ఒక చాకు మొండికేస్తుంది. చెక్క పిడి ఉన్న మడత చాకు. రాజమండ్రి గాలిలో తేమకి ఆ చెక్క ఉబ్బి, బ్లేడుని లోపలే బిగించి పట్టుకుంటుంది. గోరు పెట్టి లాగితే గోరు విరగాలే తప్ప అది తెరుచుకోదు. అప్పుడు పిడి కొసని డైనింగ్ టేబుల్ అంచుకేసి టక్కుమని ఒక్కటి కొడతాను. బ్లేడు కాస్త బయటికి తొంగిచూస్తుంది. ఇక వేళ్లతో పట్టి లాగెయ్యొచ్చు.

"ఏవండీ, ఆ టేబులు మా నాన్న కొనిచ్చింది!" అని వంటింట్లోంచి కేక. ఏటా జూలైలో ఇదే తంతు.

ఈ దెబ్బకి ఫ్రాన్స్‌లో ఒక పేరుంది. సావ్వా వాళ్ల దెబ్బ. ఆల్ప్స్ కొండల్లో ఇటలీకి ఆనుకుని ఉన్న ప్రాంతం సావ్వా. ఈ చాకు, అంటే ఒపినెల్, పుట్టింది అక్కడే. నాకు దెబ్బ నేర్పినాయన మాత్రం సావ్వా మనిషి కాదు. క్లెర్మోన్ ఫెరాన్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనరు.

2007 సెప్టెంబరులో మాస్టర్స్ చదవడానికి ఆ ఊరు వెళ్లాను. ఫ్రాన్స్ అంటే ఐఫిల్ టవరే అనుకుని బయల్దేరినవాణ్ణి, నల్లటి ఊళ్లో దిగాను. అగ్నిపర్వతాల రాయితో కట్టిన నల్లటి చర్చి, ఊరికి పడమర ఎప్పుడో చల్లారిపోయిన పుయ్ ద డోమ్ కొండ. మేడమీద గది నాకిచ్చి, కింద ఓనరు ముసలాయన, ఆయన భార్య ఉండేవాళ్లు. ఆయనకి డెబ్భై దాటాయి. మాట తక్కువ. మొదటి నెలంతా మా మధ్య "బోన్‌జూర్ మెస్యో" తప్ప ఇంకో ముక్క లేదు.

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. నేను మాంసం తిననని ముందే చెప్పాను కాబట్టి పెద్దావిడ నాకోసం ల్ పుయ్ పప్పు వండింది. ఆకుపచ్చగా, మన పెసలకన్నా చిన్నగా ఉండే ఆ పప్పు అక్కడికి దక్షిణాన కొండల్లో పండుతుంది. తాలింపు లేని పప్పు. అయినా పప్పు పప్పే. నెల తర్వాత పప్పు కనిపించేసరికి కళ్లు చెమ్మగిల్లాయంటే నవ్వుకుంటారేమో.

బల్ల మీద ప్లేట్లున్నాయి, ఫోర్కులున్నాయి, స్పూన్లున్నాయి. కత్తులు లేవు. మర్చిపోయారేమో అనుకున్నాను. ఇంతలో ముసలాయన ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి ఒక చాకు తీసి, తెరిచి, ప్లేటు పక్కన పెట్టుకున్నాడు. ఆయన బావమరిది ఇంకోటి తీశాడు. అల్లుడు ఇంకోటి. మూడూ మూడు రకాలు. ఎవరి చాకు వాళ్లది, మన ఇళ్లలో ఎవరి కంచం వాళ్లకున్నట్టు. నా ఒక్కడి ముందే ఖాళీ. ముసలాయన నావైపు చూశాడు, లేచి వెళ్లి సొరుగులోంచి ఒక పాత ఒపినెల్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఏమీ అనలేదు.

దాంతో బ్రెడ్డు కోసుకున్నాను, జున్ను కోసుకున్నాను, ఆపిల్ కోసుకున్నాను. తిండి అయిపోయాక వాళ్లంతా చాకుల్ని బ్రెడ్డు ముక్కతో తుడిచి, ఆ ముక్క నోట్లో వేసుకున్నారు. ముసలాయన చాకు మూశాడు. ఆ చప్పుడుతో అందరూ కుర్చీలు వెనక్కి జరిపారు. పెద్దాయన చాకు మూస్తే భోజనం ముగిసినట్టేనట, పాత పల్లెటూరి మర్యాద. నేనూ మూయబోయాను. అది ససేమిరా మూసుకోదు. ఇంకాస్త బలంగా నొక్కాను. బల్ల చుట్టూ నవ్వులు. పిడి మెడలో ఒక లోహపు రింగు ఉంది, దాన్ని ముందు తిప్పాలి. బ్లేడు వేళ్ల మీద పడకుండా కాసే తాళం అన్నమాట. ఈ రింగు 1955లో వచ్చింది. అంతకుముందు అరవై ఐదేళ్లపాటు ఒపినెల్‌కి తాళం అనేదే లేదు.

ఆ వారంలోనే ఒపినెల్ ఒకటి కొనుక్కున్నాను. బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన పిడి, ఎనిమిదో నంబరు. బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు. జోసెఫ్ ఒపినెల్ అనే కుర్రాడు 1890లో, పద్దెనిమిదేళ్ల వయసులో, వాళ్ల నాన్న గొడ్డళ్లూ కొడవళ్లూ చేసే కొలిమిలో ఈ చాకు తయారుచేశాడు. 1897కల్లా ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్ల వారీగా సైజులు పెట్టేశాడు. తర్వాత ఒకటో నంబరు మరీ బుల్లిదని, పదకొండోది పదికీ పన్నెండుకీ మధ్య అనవసరమని మానేశారు. బ్లేడు మీద కిరీటం పెట్టుకున్న చెయ్యి గుర్తు ఉంటుంది. దగ్గరి పట్నం సాఁ జాఁ ద మోరియెన్ చర్చిలో బాప్తిస్మమిచ్చే యోహాను వేళ్లు ఉన్నాయని వాళ్ల నమ్మకం. ఆ చెయ్యి అక్కడిది, కిరీటం సావ్వా ప్రభువులది.

నా చాకు చూసి ముసలాయన తలూపాడు. "మంచిదే. కానీ ఇది మా ఊరిది కాదు" అన్నాడు. మా మధ్య నడిచిన మొదటి అసలు సంభాషణ అదే.

వాళ్లది తియేర్. క్లెర్మోన్‌కి తూర్పున నలభై కిలోమీటర్లు. కొండవాలుకి అతుక్కున్న ఊరు, కింద ద్యురోల్ అనే చిన్న ఏరు. ఐదారు వందల ఏళ్లుగా ఆ ఊరికి చాకులే బతుకు. చుట్టుపక్కల ఇనుమూ లేదు, మంచి సానరాయీ లేదు, రెండూ బయటినుంచే రావాలి. ఉన్నదల్లా కొండమీంచి దూకే నీళ్లు. ఆ నీళ్లతో చక్రాలు, చక్రాలతో సానరాళ్లు తిరిగేవి. ముసలాయన తండ్రి అక్కడ సాన పట్టేవాడు.

ఒక శనివారం నన్ను తన కారులో తీసుకెళ్లాడు. ఏటి పక్కన పాత సాన షెడ్డు ఒకదాన్ని అలాగే ఉంచి చూపిస్తున్నారు. 1970ల దాకా అందులో పని నడిచిందట. లోపల ఒక పలక, దానికింద తిరిగే సానరాయి. సాన పట్టేవాడు ఆ పలక మీద బోర్లా పడుకుని, తల ముందుకి వేలాడేసి, రెండు చేతులతో బ్లేడుని రాయికి అదమాలి. రోజంతా అలాగే. కింద చల్లటి నీళ్లు, చుట్టూ చెమ్మ. వెచ్చదనం కోసం కాళ్ల మీద కుక్కని పడుకోబెట్టుకునేవాళ్లు. తడిసిన రాతిపొడి బట్టలకి అంటుకుని పొట్టంతా పసుపుపచ్చగా అయ్యేది. అందుకే వాళ్లకి పసుపుపొట్టల వాళ్లని పేరు. అప్పుడప్పుడు తిరిగే రాయి పగిలి మనిషి మీదకే వచ్చేది.

"మా కుక్క పేరు చెప్పనా?" అన్నాడు ముసలాయన. చెప్పలేదు. కాసేపు ఆ పలకనే చూస్తూ నిలబడ్డాడు.

నాకు మా వీధి గుర్తొచ్చింది. సైకిలు వెనక చక్రానికి బెల్టు తగిలించి, "కత్తులు సాన పెడతాం, కత్తెర్లు సాన పెడతాం" అని అరుస్తూ వచ్చే మనిషి. నిప్పురవ్వలు చూడ్డానికి పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్లం. ఆ మనిషి పేరేంటో ఎన్నడూ అడగలేదు.

తియేర్‌లో నాకు తెలిసిన ఇంకో సంగతి నా సరదా మీద కాస్త నీళ్లు చల్లింది. అప్పటికే నేను ప్రాంతానికో చాకు చొప్పున పోగెయ్యాలని లిస్టు రాసుకున్నాను. ఇస్సెంజో, ఒరియాక్, కమార్గ్, బాస్క్, కోర్సికా... ఆ లిస్టు చూసి ముసలాయన నవ్వి, "వీటిలో సగం పైన ఇక్కడే చేశారు" అన్నాడు. నిజమే. ఏ ప్రాంతం రైతుకి ఏ ఆకారం ఇష్టమో తెలుసుకుని, తియేర్ వాళ్లే చేసి, ఆ ఊరి పేరు పెట్టి అక్కడికి పంపేవాళ్లు. హైదరాబాద్ స్వీట్ షాపులో తాపేశ్వరం కాజా లాగ. రుచికి ఢోకా లేదు, ఊరే వేరు. పని కూడా ఒక్కరిది కాదు. బ్లేడు కొట్టేవాడొకడు, సాన పట్టేవాడొకడు, పిడి చెక్కేవాడొకడు, బిగించేవాడొకడు. తమ ఊరి పేరుతో ఒక చాకు ఉండాలని తియేర్ వాళ్లకే చాలా ఆలస్యంగా తట్టింది. 1990లలో అందరూ కూడి "ల తియేర్" అని ఒక ఆకారం ఖాయం చేసుకున్నారు. మొదటి రోజు అల్లుడు జేబులోంచి తీసింది అదే.

ఇప్పుడు నా పరువు తక్కువ కథ. ఆ మరుసటి వేసవిలో పారిస్ వెళ్లినప్పుడు, టూరిస్టులు తిరిగే వీధిలో ఒక షాపులో లగియోల్ చాకు కనిపించింది. నేనప్పుడు అలాగే చదివేవాణ్ణి, లగియోల్ అని. సన్నటి నడుము, కొమ్ము లాంటి పిడి, వీపు మీద తేనెటీగ. 12 యూరోలు. ఇంత చవకా అని రెండు కొన్నాను, ఒకటి ముసలాయనకి.

ఆయన దాన్ని తిప్పి చూశాడు. తెరిచి, చెవి దగ్గర పెట్టుకుని మూశాడు. బొటనవేలి గోటితో తేనెటీగ అంచుని గీరాడు. స్ప్రింగు చివర ఉబ్బెత్తుగా ఉండే ఆ భాగాన్ని చాకులు చేసేవాళ్ల భాషలో మూష్ అంటారు, అంటే ఈగ. మంచి పనిలో ఆ తేనెటీగ స్ప్రింగుతో పాటు ఒకే ఉక్కు ముక్కలోంచి పుడుతుంది. చవకరకంలో విడిగా చేసి అతికిస్తారు. "ఇది నిజంగా ఈగే. ఎక్కడినుంచో వచ్చి వాలింది" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దూరదేశాల్లో ఫ్యాక్టరీల్లో చేసి ఆ పేరు వేసి అమ్ముతారట. అది కంపెనీ పేరు కాదు, ఊరి పేరు. అప్పట్లో ఎవరు పడితే వాళ్లు వాడేసుకునేవాళ్లు. పైగా పేరు పలకడం కూడా నాకు రాలేదు. లయోల్ అనాలి.

"నువ్వు ముందు ఆ ఊరు చూసిరా" అన్నాడు. చాకు తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

వెళ్లాను. 2009 మే నెలలో, ఒక ఫ్రెండు కారులో. ఓబ్రాక్ పీఠభూమి. వెయ్యి మీటర్ల ఎత్తున, చెట్లు కూడా సరిగ్గా లేని గడ్డి మైదానం, గోధుమరంగు ఆవులు, కళ్లకి కాటుక పెట్టినట్టుంటాయి. ఊరి సంత మైదానంలో కంచు ఎద్దు బొమ్మ. ఊరి బయట ఫ్యాక్టరీ పైకప్పులోంచి 18 మీటర్ల బ్లేడు ఆకాశంలోకి లేచి ఉంటుంది, ఫిలిప్ స్టార్క్ డిజైను. నాకది నచ్చలేదు. కల్యాణమండపం ముందు పెట్టే కటౌటులా ఉంది.

కానీ చాకు కథ మాత్రం వినాలి. 1829లో పియెర్-జాఁ కాల్మెల్స్ చేతిలో మొదలైందని అక్కడ చెబుతారు. 1840 ప్రాంతంలో దానికి ఒక సూది చేరింది. పచ్చగడ్డి ఎక్కువ మేసి ఆవు కడుపు ఉబ్బితే, డొక్కలో పొడిచి గాలి తియ్యడానికి. 1880లో కార్కు తీసే మరచుట్ట చేరింది. గొడ్లకాపరులకి కార్కుతో పనేంటి? ఆ కొండల జనం పొట్ట చేతపట్టుకుని పారిస్ వెళ్లి బొగ్గు మోసి, సారా కొట్లూ కాఫీ హోటళ్లూ పెట్టారు. ఊరి చాకు వాళ్ల వెంటే వెళ్లి, సీసాలు తియ్యడం నేర్చుకుంది. వలస వెళ్లిన మనిషితో పాటు జేబులో చాకు కూడా మారిందన్నమాట. తేనెటీగ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన అలంకారం. నెపోలియన్ ఇచ్చాడని షాపుల్లో చెప్పేది కట్టుకథ. పిడి మీద చిన్న చిన్న మేకులతో శిలువ గుర్తు ఉంటుంది. కొండమీద చర్చి లేని చోట కాపరి చాకుని రొట్టెలో గుచ్చి నిలబెట్టి, ఆ శిలువకే దండం పెట్టుకునేవాడని అంటారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఊళ్లో పని దాదాపు ఆగిపోయి, అంతా తియేర్‌కి తరలిపోయింది. మళ్లీ ఊరికి తిరిగొచ్చింది 1987లో. ఊరి పేరుని వేరేచోటి వ్యాపారి ఒకాయన ట్రేడ్‌మార్కుగా రాయించుకున్నాడని 2012లో ఊరివాళ్లు నిరసనగా ఊరి బోర్డే పీకేశారు. ఆ వార్త చదివేనాటికి నేను ఇండియాలో ఉన్నాను. పొద్దున్నంతా పని తోచలేదు.

ఆ రోజు మధ్యాహ్నం అక్కడ అలిగో తిన్నాను. బంగాళాదుంపల ముద్దలో తాజా జున్ను, వెల్లుల్లి వేసి గరిటెతో లాగి లాగి తిప్పుతారు. గరిటె మనిషెత్తు పైకి లేపినా తీగ తెగదు. వడ్డించే ఆవిడ ఆ తీగని చాకుతో కోసి నా ప్లేటులో వేసింది. చాకు కొనాలని వెళ్లినవాణ్ణి, అసలు ధరలు చూసి, అలిగో తిని వచ్చేశాను.

నా పోగు పెరిగింది షాపుల్లో కాదు, ఆదివారం పాతసామాను సంతల్లో. విద్ గ్రెనియే అంటారు, అటక ఖాళీ చెయ్యడం అని అర్థం. దుప్పటి పరిచి, తాతల నాటి సామానంతా పోసి అమ్ముతారు. తుప్పుపట్టిన డబ్బాలో చాకులుంటాయి. మూడు యూరోలు, ఐదు యూరోలు. అక్కడే నా కన్ను మారింది. మామత్ దంతం పిడులతో, అద్దంలా మెరిసే కొత్త చాకుల కోసం వేలు పోసేవాళ్లున్నారు. ఉండనీ. నాకు మాత్రం అరిగిపోయిన బ్లేడే కావాలి. నూరి నూరి సగం వెడల్పు అయిపోయి, చేప ముల్లులా మిగిలినది. పిడి మీద బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంటుంది. నా వేలు అందులో పెడితే ఒక్కోసారి సరిగ్గా కూర్చుంటుంది, ఒక్కోసారి కూర్చోదు. వాడినాయన ఎడమచేతివాడైతే వెంటనే తెలిసిపోతుంది.

అలా దొరికినవే ఒక డూక్-డూక్ చాకు, రెండు ప్రాడెల్ చాకులు. డూక్-డూక్ పిడి వట్టి రేకు ముక్క, మడిచి వంచింది, అంతే. దానిమీద పసిఫిక్ దీవులవాళ్లు నమ్మే ఒక ఆత్మ బొమ్మ. 1929లో ఆ దీవుల్లో అమ్ముదామని తియేర్‌లో చేస్తే, ఉత్తర ఆఫ్రికాలో ఎక్కువ అమ్ముడుపోయింది.

కొత్తది కొన్నది ఒక్కటే, నోంత్రోన్. పెరిగోర్ వైపు అదే పేరుగల ఊరిది. చాలా పాత రకం. బాక్స్ అనే చెట్టు పసుపుపచ్చటి చెక్కతో చేసిన పిడి మీద కాల్చిన కమ్మీతో వేసిన గుర్తులుంటాయి, తలకిందుల వి లాంటి గీత, మూడు చుక్కలు. అర్థమేంటని అడిగితే తలా ఒకటి చెబుతారు. అక్రోటు చిప్పలో పట్టేంత చిన్న చాకులు కూడా అక్కడ చేస్తారు, నిజంగా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. నాది మామూలు సైజే. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో కొన్నాను. రెండేళ్లు జేబులో తిరిగింది.

2011లో తిరిగొచ్చేటప్పుడు చాకులన్నీ లుంగీల్లో చుట్టి పెద్ద సూట్‌కేసులో సర్దాను. నోంత్రోన్ ఒక్కటి అలవాటుగా హ్యాండ్‌బ్యాగు ముందరి అరలో ఉండిపోయింది. ఎయిర్‌పోర్టు స్కానర్ దగ్గర బ్యాగు ఆగింది. అక్కడి అమ్మాయి దాన్ని తీసి, తెరిచి చూసి, "చాలా అందంగా ఉంది" అంది. అని, ప్లాస్టిక్ డబ్బాలో వేసింది. షాంపూ సీసాలు, నెయిల్ కట్టర్ల మధ్య. తప్పు నాదే, ఎవర్ని అంటాం?

అంతకు ముందురోజు సాయంత్రం ముసలాయన మేడమీదకి వచ్చాడు. మోకాళ్ల నొప్పులతో ఆ నాలుగేళ్లలో ఎన్నడూ మెట్లెక్కని మనిషి. మొదటి ఆదివారం నాకు బల్ల మీద పెట్టిన ఆ పాత ఒపినెల్ తెచ్చాడు. ఇచ్చేముందు చెయ్యి చాపాడు, డబ్బు ఇవ్వమని. ఆశ్చర్యపోయాను. చాకు ఊరికే ఇస్తే స్నేహం తెగిపోతుందట, నాణెం ఒకటి ఇచ్చి కొనుక్కోవాలట. మా అమ్మ ఉప్పు చేతికివ్వదు, గొడవలొస్తాయని. ఆ లెక్క నాకు బాగానే అర్థమైంది. జేబులు తడిమితే చిల్లర లేదు. పర్సు మూలలో, వచ్చిన రోజునుంచి ఉండిపోయిన రూపాయి బిళ్ల ఉంది. అదిచ్చాను. దాన్ని లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుని, చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు టేబులు అంచుకేసి కొడుతున్నది ఆ చాకునే. కార్బన్ ఉక్కు. కడిగి అలా వదిలేస్తే గంటలో తుప్పు. తుడిచి నువ్వులనూనె రాస్తాను. వచ్చిన కొత్తలో అమ్మ దాంతో పచ్చిమామిడికాయ కోసింది. పులుపు తగిలి బ్లేడు క్షణాల్లో నెమలికంఠం రంగుకి తిరిగింది, తర్వాత నల్లబడింది. ముక్కలూ నల్లబడ్డాయి. "ఇనప కంపు. ఇదేం కత్తిరా, నాలుగేళ్లు చదివి తెచ్చావు" అంది. నాకు మాత్రం ఆ మచ్చ భలే నచ్చింది. చెరపలేదు. దానిమీద ఇప్పుడు పన్నెండుకి పైగా వేసవుల మామిడి మచ్చలున్నాయి, పక్కన ఎక్కడో పాత ఆపిల్‌ మచ్చలూ ఉండే ఉంటాయి.

మిగతావి బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. మొన్న నూనె రాద్దామని తీసి లెక్కపెడితే ఒకటి తగ్గింది. పన్నెండు యూరోల లయోల్ రెండింటిలో ఒకటి. ఇల్లంతా వెతికాను. చివరికి గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు మీద దొరికింది. కొరియర్ పార్సిళ్లు విప్పడానికి మా ఆవిడ అక్కడ పెట్టుకుందట, ఏడాది దాటిందట. స్ప్రింగు వదులైపోయింది. తేనెటీగ ఎప్పుడో ఊడిపోయి, ఆ చోట జిగురు మరక మాత్రం మిగిలింది.

"మీ వాటన్నిట్లోకీ పనికొచ్చేది ఇదొక్కటే. ఇది కూడా ఫ్రాన్స్‌దేనా?" అంది.

"అవును" అన్నాను.